సాహసం ఎవరిది, బండి ఎవరికి?

ఈమధ్య మధ్యతరగతి ఇళ్లలోకి ఒక కొత్త మాట వచ్చి చాప వేసుకుని కూర్చుంది. అడ్వెంచర్! వెనకటికి అల్లుళ్లు స్కూటరు అడిగేవారు. ఆ తర్వాత మోటారు సైకిలు అడిగారు. ఇప్పుడు ఉద్యోగంలో చేరి ఆర్నెల్లు కాకుండానే కొడుకు అడుగుతున్నది అడ్వెంచర్ మోటారు సైకిలు. కాస్త చిన్నవాడైతే మౌంటెన్ బైకు, అనగా కొండలెక్కే సైకిలు. "అదేమిట్రా, మామూలు బండికీ దీనికీ తేడా ఏమిటి?" అని తల్లి అడిగిందనుకోండి, "ఇది ఎక్కడికైనా పోతుందమ్మా, కొండా కోనా, వాగూ వంకా ఏదైనా సరే!" అంటాడు. పోతుంది, కాదనను. కానీ బండి పోగలిగితే సరా, మనవాడూ పోవద్దూ? ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతికీ దసరాకీ, నలుగురు స్నేహితులతో హైదరాబాదు నుంచి భద్రాచలం, అక్కణ్ణించి చింతూరు, మారేడుమిల్లి ఘాటు. తక్కిన రోజులన్నీ ఆ బండి అపార్టుమెంటు సెల్లారులో దుప్పటి కప్పుకుని నిద్రపోతుంది.

కుర్రాళ్లు తిరగొద్దని నేనెందుకంటాను? తిరగాల్సిన వయసు. అడవి చూడాలి, గోదావరి చూడాలి, నాలుగూళ్ల నీళ్లు తాగాలి. నా తగాదా తిరగడంతో కాదు, ఆ 'సాహసం' అనే మాటతో. ఏడాదికి రెండుసార్లు ముచ్చటపడి వెళ్లేవాడిది సాహసమైతే, అదే బాటన వారానికి ఆరు రోజులు, ముచ్చట కోసం కాక జీతం కోసం వెళ్లే ఆడమనిషిది ఏమనాలి? దానికి మన భాషలో 'డ్యూటీ' అని పేరు పెట్టి ఊరుకున్నాం. పేరుతో ఆగితే పోనీలెమ్మనుకుందును. బండి తయారుచేసేవాడూ, అమ్మేవాడూ, కొనిపెట్టేవాడూ అందరూ ఆ 'సాహసం' కేసే చూస్తున్నారు గాని, డ్యూటీ చేసే మనిషి కాలు నేలకి అందుతుందా లేదా అని చూసే నాథుడు లేడు.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం నూటపాతిక కిలోమీటర్ల లోపే. రాములవారి కల్యాణానికి వెళ్లినవాళ్లందరికీ తెలిసిన తారురోడ్డు అది. గోదావరి మీద వంతెన 1965లో వచ్చింది. అక్కడితో మన ప్రయాణం అయిపోతుంది. దణ్ణం పెట్టుకుని, పర్ణశాల చూసి, వెనక్కి తిరుగుతాం. కొందరి ప్రయాణం అక్కడ మొదలవుతుంది. దుమ్ముగూడెం, చర్ల వైపు పెద్ద రోడ్డు దిగి అడవిలోకి మళ్లితే కోయగూడేలు. ఇంకా లోపలికి పోతే, 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ కల్లోలానికి తట్టుకోలేక ఇటు తరలివచ్చిన గుత్తికోయల గుంపులు. చాలా గుంపులు రిజర్వు అడవిలో ఉన్నాయి కనక అక్కడికి రోడ్డు వెయ్యాలంటే చట్టాలు అడ్డం. 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి పోయాయి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. కాగితం మీద గీతలు ఎన్నిసార్లు మారినా వాగులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ వాగులు దాటి వెళ్లేదెవరు? టీకాల డబ్బా పట్టుకున్న ఏ.ఎన్.ఎం., గర్భిణిని చూడవలసిన ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, ఒంటి ఉపాధ్యాయుల బడి నడిపే పంతులమ్మ. వీళ్లలో చాలామంది తిరిగే బళ్లు సొంత డబ్బుతో వాయిదాల మీద కొనుక్కున్నవి. కానివి భర్తదో తమ్ముడిదో అడిగి తెచ్చుకున్నవి.

ఒక చిత్రం చెబుతాను. 1980లో రెండు బళ్లు పుట్టాయి. జర్మనీలో బి.ఎం.డబ్ల్యూ. వారు ఆర్ 80 జి/ఎస్ అని 800 సి.సి. బండి విడుదల చేశారు. తారురోడ్డు మీదా, మట్టిబాట మీదా రెంటా నడుస్తుందన్నారు. ప్రపంచంలోని అడ్వెంచర్ బళ్లన్నిటికీ అదే ముత్తాత. అదే సంవత్సరం మన హోసూరులో టి.వి.యస్. 50 అని ఒక మోపెడ్ వచ్చింది. మొదటి దాని బొమ్మ కుర్రాళ్ల గదుల గోడల మీదికెక్కింది. రెండోదాని మీద మన వాళ్లు ఎరువు బస్తాలు, పాల క్యాన్లు, గడ్డిమోపులు, పిల్లలు, మేకపిల్లలు సమస్తం ఎక్కించారు. నలభై ఏళ్లకి పైగా ఖమ్మం జిల్లా మట్టిబాటలన్నీ తొక్కింది ఆ రెండోదాని సంతతే. దానిమీద ఎవరైనా 'సాహసయాత్ర' అని వ్యాసం రాశారా? రాయరు. ఎందుకంటే దాన్ని నడిపేది పాలవాడూ, పంతులమ్మానూ.

పోనీ, ఈ 'అన్నిరకాల నేల' అంటే ఏమిటో ఒకసారి చూద్దాం. కంపెనీవారి ప్రకటనలో మంచుకొండ ఉంటుంది. భద్రాచలం అంచున మంచుకొండ లేదు. మూడు కిలోమీటర్ల తారు, ఆ తర్వాత గులకరాళ్ల మొరం, తర్వాత నల్లరేగడి, తర్వాత వాగు ఇసుక, మళ్లీ ఎత్తుకి వెదురు ముళ్లు. పది కిలోమీటర్లలో ఇన్ని వస్తాయి. మొరం ఎండాకాలం చక్రం కింద జారుతుంది. రేగడి వానాకాలం పిండిముద్దలా చక్రానికి చుట్టుకుని, మడ్‌గార్డులో ఇరుక్కుని, బండిని కదలనివ్వదు. ఇసుకలో చక్రం దిగబడుతుంది. మూడు నేలలకీ మూడు మందులు. మొరానికి టైరు గాడులు లోతుగా ఉండాలి. రేగడికి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. ఇసుకలో టైరుకి కాస్త గాలి తగ్గించాలి, తారెక్కాక మళ్లీ కొట్టుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం చక్రం పెద్దదై ఉండడం. ఇది ఏ ఇంజనీరూ చెప్పనక్కర్లేదు. మన తాతలు ఎడ్లబండికి నిలువెత్తుకి సగం చక్రాలు ఎందుకు పెట్టారు? చిన్న చక్రం గుంతలో పడుతుంది, పెద్ద చక్రం గుంత మీదుగా పోతుంది. పట్నంలో మనం ముచ్చటపడే స్కూటర్లకి చక్రం పది పన్నెండు అంగుళాలు. మోపెడ్‌కి పదహారు. మోటారు సైకిలుకి పదిహేడు పద్దెనిమిది. రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు 2016లో తెచ్చిన హిమాలయన్‌కి ముందు చక్రం ఇరవై ఒకటి, నేలకీ బండి అడుగుకీ మధ్య ఎడం 220 మిల్లీమీటర్లు. ఆ బండి గొప్పది కాదని నేననను. రాళ్ల మీద అది పోయినట్టు స్కూటరు పోలేదు.

మరయితే పంతులమ్మని హిమాలయన్ కొనుక్కోమనండి! ఇక్కడే ఉంది కిటుకు. దాని సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు. 2023లో వచ్చిన దాని తమ్ముడి సీటు ఇంకో అంగుళం ఎత్తు. హీరో వారు 2019లో తెచ్చిన ఎక్స్‌పల్స్ 200 సీటూ అంతే ఎత్తు. మన ఆడవాళ్లు అయిదడుగులకి అటూ ఇటూగా ఉంటాం. ఆ ఎత్తు మనిషికి కాలి లోపలి పొడవు ఇరవయ్యేడు, ఇరవయ్యెనిమిది అంగుళాలు. అంటే బండి ఎక్కితే రెండు కాళ్లూ గాలిలో. తారురోడ్డు మీద సిగ్నలు దగ్గర ఒక కాలు ఎలాగో ఆనించవచ్చు. మొరం మీద, పక్కకి ఒరిగే చోట, ఆ కాలు ఆనకపోతే బండి మీద పడుతుంది. ఆ పడేది 200 కిలోల దగ్గర బరువు. రెండు బియ్యం బస్తాలు ఒకేసారి కాలుమీద పడినట్టు! పడ్డాక లేవదీసేదెవరు? అడవిలో పిలిస్తే పలికేది నెమలి.

మోపెడ్ సీటు కూడా మరీ పొట్టిదేం కాదు. కానీ దాని బరువు తొంభై కిలోల లోపు. ఒరిగితే ఆపుకోగలం, పడితే లేపుకోగలం, చప్టా దగ్గర దిగి తోసుకుపోగలం. ముందు భాగం ఖాళీ కనక చీరతో ఎక్కి దిగగలం. దాని లోపం శక్తి తక్కువ, కుదుపు ఎక్కువ. నడుం విరుగుతుంది. రోజుకి ముప్పై కిలోమీటర్లు దానిమీద తిరిగిన ఏ నర్సునైనా అడగండి, మాత్ర పేరుతో సహా చెబుతుంది. ఇప్పుడు చెప్పండి. నూరు కిలోల బరువులో, పెద్ద చక్రాలతో, మంచి స్ప్రింగులతో, ఇరవయ్యెనిమిది అంగుళాల సీటుతో, ముందు అడ్డుకమ్మీ లేకుండా ఒక బండి తయారు చెయ్యడం బ్రహ్మవిద్యా? నాలుగువందల సి.సి. ఇంజను పోతపోసేవాళ్లకి అది చేతకాదంటే నేను నమ్మను. ఆ బండి ఎవరికి కావాలో వాళ్లు షోరూములోకి వస్తారని వాళ్లకి తోచలేదు, అంతే.

తోచలేదనడానికి చట్టమే సాక్ష్యం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 123వది తీసి చూడండి. వెనక కూర్చునే మనిషికి చేతిపట్టు ఉండాలి, కాలు పెట్టుకునే చోటు ఉండాలి, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రం కనీసం సగం మూసి ఉండాలి. మనం 'శారీ గార్డు' అంటామే, అదే. మంచి నియమం, ఎందరి ప్రాణాలో కాపాడింది. కానీ ఎవరి కోసం? వెనక కూర్చునే మనిషి కోసం. చీర కట్టుకున్న మనిషి ముందు సీటులో కూర్చుంటుందని నియమం రాసినవారి ఊహకి అందలేదు. ముందు కూర్చుంటే కొంగు ఎటు ఎగురుతుంది, కుచ్చెళ్లు గేరుపెడలుకి తగులుతాయా, గొలుసు పూర్తిగా మూసి ఉందా లేదా? వీటికి నియమం లేదు. అడ్వెంచర్ బళ్లకయితే గొలుసు బయటికే ఉంటుంది, అదో అందమట!

"చీర మానేసి చుడీదారు వేసుకోమనండి" అంటారు కొందరు. వేసుకుంటున్నారు, నేనూ అదే మంచిదంటాను. కానీ యూనిఫారం చీరే అయిన ఉద్యోగాలు ఇంకా ఉన్నాయి. అదీగాక మనిషి బండికి తగ్గట్టు మారాలా, బండి మనిషికి తగ్గట్టు మారాలా? పొయ్యి గట్టు ఎత్తుగా ఉంటే వంటమనిషిని కాళ్లు సాగదీసుకోమంటామా?

ఇక సైకిలు సంగతి. కొండసైకిలు పుట్టుక వింటే నవ్వొస్తుంది. అమెరికాలో కాలిఫోర్నియాలో, 1970లలో, కొందరు కుర్రాళ్లు పాత సామాన్ల కొట్లలోంచి నలభై ఏళ్లనాటి లావుటైర్ల సైకిళ్లు ఏరుకొచ్చి కొండ మీంచి కిందికి పందేలు వేసుకున్నారు. 1976లో మొదలైన ఆ పందెం పేరు 'రీప్యాక్'. ఒక్కసారి దిగేసరికి బ్రేకు వేడికి హబ్బులో గ్రీజు కాస్తా మాడిపోయేది, మళ్లీ కూరుకోవాల్సి వచ్చేది, అందుకని ఆ పేరు. చూశారా! ఇంట్లో మూలపడ్డ సైకిలుకి బతుకు పోసి కొండెక్కించారు. అదిప్పుడు మన పట్నాలకి వచ్చేసరికి ముందొక స్ప్రింగు, వెనకొక స్ప్రింగు, ఇరవయ్యొక్క గేర్లు తగిలించుకుని దిగింది. చవకరకం సైకిలుకి రెండు వైపులా స్ప్రింగులుంటే మనం తొక్కిన బలంలో కొంత ఆ స్ప్రింగే మింగేస్తుంది, బరువూ పెరుగుతుంది. స్ప్రింగు పోతే మండల కేంద్రంలో బాగుచేసేవాడు దొరకడు. అడవిబడికి పోయే ఆడపిల్లకి కావలసింది అది కాదు. గట్టి ఫ్రేము, ముందు అడ్డుకమ్మీ వంచి కిందికి దింపింది, రెండంగుళాల లావు టైర్లు, ఊళ్లో దొరికే ట్యూబు, అయిదారు గేర్లు, మంచి బ్రేకులు, వెనక క్యారియరు. ఎక్కి నిలబడితే కమ్మీకీ మనిషికీ మధ్య రెండంగుళాల ఎడం ఉండాలి. "పెరిగే పిల్ల కదా, పెద్దది కొనేద్దాం" అని లంగా కుట్టించినట్టు సైకిలు కొనకండి. అందని సైకిలు మీంచి పిల్ల పడుతుంది.

సైకిలే కదా అని తేలిగ్గా తీసెయ్యకండి. 1991లో తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు ఆడవాళ్లకి సైకిలు నేర్పారు. వేలమంది నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు చాలక మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. కొందరు తల్లులు అదే బాగుందన్నారట, ముందు కమ్మీ మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని! చూడండి, వాడేవాళ్లని అడిగితేగాని ఇలాంటివి తెలియవు. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిలు ఇస్తే, హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య మూడోవంతు దాకా పెరిగిందని ఆర్థికశాస్త్రవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ లెక్కకట్టి చూపించారు. సాహసం కోసం కొన్న ఏ సైకిలు ఇంత పని చేసింది?

బండికి తగిలించే సామాన్లది మరో భాగోతం. యాత్రకి పోయేవాడు ఇనప పెట్టెలు మూడు, దీపాలు నాలుగు, ఇనప కడ్డీలు చుట్టూ, ఛాతీ మీదొక కెమెరా. ఆ బరువంతా ఎత్తున, వెనకాల. బరువు ఎంత ఎత్తున ఉంటే బండి అంత తొందరగా ఒరుగుతుందని నీళ్లబిందె నెత్తిన పెట్టుకున్న ఏ అమ్మాయికైనా తెలుసు. అడవి అంచున నిజంగా కావలసినవి ఇవి. టీకాల డబ్బా కదలకుండా ముందు కాళ్ల దగ్గర, తక్కువ ఎత్తులో కట్టుకునే చోటు. చేతిపంపు, పంక్చరు సామాను, ఒక ట్యూబు. పడినా కాలు నలగకుండా రెండువైపులా గట్టి గార్డు. పూర్తిగా మూసిన గొలుసు. సాయంత్రం చీకటిపడ్డాక దారి చూపే ఒక మంచి దీపం. తలకి సరిపోయే హెల్మెట్టు. ఆడవాళ్ల జడకీ ముడికీ పట్టే హెల్మెట్టు దొరకడం ఇంకో పురాణం. ఇవన్నీ కలిపినా ఆ ఇనప పెట్టెల్లో ఒక్కదాని ఖరీదు ఉండదు.

"వాళ్ల డబ్బు, వాళ్ల ఇష్టం, మధ్యన మీకేమిటి?" అనొచ్చు. నిజమే, డబ్బు వాళ్లదే. అడవి మాత్రం వాళ్లది కాదు. బండి ఎక్కడికైనా పోతుందని కిన్నెరసాని అభయారణ్యంలో బాట వదిలి లోపలికి తోలడానికి వీల్లేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేనిదే అభయారణ్యంలోకి ప్రవేశమే లేదు. ఇప్పపువ్వు ఏరుకునే వేళ, తునికాకు కోసే వేళ, ఆడవాళ్లూ పిల్లలూ తెల్లారుజామునే అడవిలో ఉంటారు. పొగగొట్టం మార్చి చప్పుడు పెంచుకున్న బండి అప్పుడు వాళ్ల మధ్య నుంచి దూసుకుపోతే సాహసమని ఎవరనాలి?

"అసలు కావలసింది రోడ్లు, బళ్లు కాదు" అనేవారున్నారు. ఈ మాటకి మాత్రం నేను తలవంచుతాను. రోడ్డు వెయ్యాలి, వంతెన కట్టాలి, డోలీలో బాలింతని మోసే రోజు పోవాలి. అయితే 2022 జులై గుర్తు తెచ్చుకోండి. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. ఉన్న వంతెన మీదే రాకపోకలు ఆపేశారు. వేసిన రోడ్డు వరదకి పోతుంది, పోయిన రోడ్డు మళ్లీ వేసేదాకా మనిషి వెళ్లక తప్పదు. అలాగని ఎంత గొప్ప బండయినా పారే నీళ్లలోకి తోలమని నేననను. చప్టా మీద నీళ్లు పారుతుంటే ఆగిపోవడమే తెలివి, అది ఏ బండికైనా ఒకటే. కానీ వరద తీశాక, బురద ఆరకముందే, క్లోరిన్ బిళ్లలు పట్టుకుని మొదట వెళ్లేది ఆ ఆశా కార్యకర్తే కదా.

ఈ సంగతి ప్రభుత్వాలకి తెలియదా? తెలుసు. నాలుగు చక్రాలు పోలేనిచోట రెండు చక్రాలు పోతాయని తెలిసే 2018లో ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీలో రోగిని కూర్చోబెట్టే ఫీడర్ అంబులెన్సు మోటారు సైకిళ్లు పెట్టారు. మావోయిస్టు ప్రాంతాల్లో గాయపడిన జవాన్ల కోసం 2021 జనవరిలో డి.ఆర్.డి.ఓ. వారు తయారుచేసిన 'రక్షిత' బైకు అంబులెన్సుని సి.ఆర్.పి.ఎఫ్.కి అప్పగించారు. మంచిపనులు. జబ్బు ముదిరాక మోసుకురావడానికి బండి ఆలోచించగలిగినవారు, జబ్బు రాకుండా టీకా వేసే మనిషికి బండి ఆలోచించలేరా? బ్యాంకువారు కారుకిచ్చినంత తక్కువ వడ్డీకి ఆమె మోపెడ్‌కి అప్పు ఇవ్వలేరా? ఆరోగ్య శాఖ, బండికి పెట్రోలు ఖర్చు తిరిగే కిలోమీటరు లెక్కన నెలనెలా ఇవ్వలేదా? కంపెనీవారు బండి గీసేముందు దుమ్ముగూడెంలో పదిమంది నర్సులని కూర్చోబెట్టి, "అమ్మా, మీకేం కావాలి?" అని ఒక్కపూట అడగలేరా?

వాళ్లు అడిగేదాకా మనం ఊరుకోనక్కర్లేదు. ఇంట్లో బండి కొనేటప్పుడు చీటీ డబ్బు తీసేది మనమే, గాజులు తాకట్టు పెట్టేదీ మనమే. అందుకని డబ్బు చేతికిచ్చే ముందు మూడు ప్రశ్నలు వెయ్యండి. ఈ బండి మీద కూర్చుంటే ఇంట్లో ఆడవాళ్లలో ఎవరి కాళ్లయినా నేలకి ఆనతాయా? పడితే ఒక్క మనిషి లేవదీయగలదా? పాడైతే పక్క ఊళ్లో బాగుచేసేవాడున్నాడా? మూడింటికీ 'లేదు' అని జవాబొస్తే, ఆ బండి ఇల్లంతటికీ కాదు, ఒక్కరి ముచ్చటకి. ముచ్చట తప్పని కాదు. ముచ్చటకి తగిన డబ్బే ఇవ్వండి, ఇంటి అవసరానికి దాచుకున్నది కాదు. షోరూములో అమ్మేవాడు మీ భర్తకేసో కొడుకుకేసో తిరిగి మాట్లాడితే, "నాయనా, తోలేది నేను, నాతో చెప్పు" అనండి. పదిమంది షోరూముల్లో అలా అన్ననాడు, పదకొండో మనిషి కోసం సీటు రెండంగుళాలు కిందికి దిగుతుంది.